కొత్త కక్కు, మొదటి వాయి

2023 వేసవి. ఆత్మకూరులో వనపర్తి బస్సులు మలుపు తిరిగే చోట, రేకుల షెడ్డులో మా పిండి గిర్ని. ఉగాది దగ్గరపడ్డ రోజులు కాబట్టి పొద్దెక్కకముందే రేకులు కాగిపోయేవి. పైన ఒక రేకుకు చిల్లు ఉంది. అందులోంచి ఎండ కర్రలాగా లోపలికి దిగేది. ఆ కర్రలో పిండి నెమ్మదిగా పైకి లేస్తూ, కిందికి వాలుతూ, ఎటూ పోకుండా తిరుగుతుండేది. నేను దాన్ని చూస్తూ నిలబడేదాన్ని. గిర్ని మోత అలవాటైన చెవికి మోత వినబడదు. దాని లోపల వేరేవి వినబడతాయి. పోయిన నా పెనిమిటి దగ్గు, భీవండిలో వాన, ఎప్పుడో ఎవరో పిలిచిన పిలుపు. నిలబడి కలగనడం గిర్నివాళ్ళకు వచ్చినంతగా మరెవరికీ రాదు.

నా పేరు బాలమ్మ. గిర్ని బాలమ్మ అంటేనే ఊరికి తెలుస్తుంది. యాభై దాటినాక అక్షరాలు నేర్చుకున్నాను, అదీ పిండి డబ్బాల మీద రాసిన పేర్లు చూసి. మాట వంకరగా పోతే పోవచ్చు గానీ ఉన్నదే రాస్తాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. మెత్తగా పట్టడమే వచ్చు.

గిర్ని సంగతి తెలియనివాళ్ళ కోసం ముందు నాలుగు మాటలు. పైన గింజలు పోసే తొట్టిని హాపర్ అంటాము. అందులోంచి గింజలు రెండు గుండ్రాళ్ళ మధ్యకు జారుతాయి. ఒక రాయి కదలదు, రెండోది మోటార్‌తో తిరుగుతుంది. నలిగిన పిండి ముందర కట్టిన గుడ్డ తొండంలోంచి డబ్బాలో పడుతుంది. ఎంత తట్టినా, ఎంత దులిపినా కొంత పిండి గిర్ని కడుపులోనే ఉండిపోతుంది. తర్వాత వచ్చిన మనిషి గింజలు పోస్తే అది ముందుగా బయటికి వస్తుంది. అంటే మీ డబ్బాలో అడుగున ఉండేది మీ ముందు మనిషి పిండి. మీది కొంత మీ వెనక మనిషికి పోతుంది. ఇది దొంగతనం కాదు. గిర్ని నడిచే తీరే అంత.

రాళ్ళు అరిగి నున్నబడితే గింజ నలగదు, వేడెక్కి మాడు వాసన వస్తుంది. అప్పుడు రాళ్ళు విప్పి ఉలితో గాట్లు పెట్టాలి. దాన్ని కక్కు కొట్టడం అంటాము. ఒకరి గింజలు ఒకసారి పోసి పట్టడాన్ని వాయి అంటాము. కొత్తగా కక్కు కొట్టిన గిర్నిలో మొదటి వాయి ఎవరిదైతే వాళ్ళు నష్టపోతారు. పిండిలో రాతిపొడి వచ్చి పళ్ళ కింద కరకరమంటుంది. పైగా ఖాళీ గిర్ని తన కడుపు నింపుకున్నాకే బయటికి వదులుతుంది కాబట్టి పిండి తక్కువ వస్తుంది. రెండో వాయికి ఆ బాధ ఉండదు. అందుకే కక్కు కొట్టిన రోజు అందరూ డబ్బాలు వెనక్కి జరుపుకుంటారు. చాలా గిర్నీలలో ఆ రోజు సంగతి తెలియని కొత్త మనిషి గింజలు ముందు పోస్తారు. నేను నా జొన్నలు పోస్తాను. ఆ పిండి బర్రె కుడితిలో కలుపుతాను. నా పెనిమిటి ఉన్నప్పటి నుంచి ఇదే పద్ధతి.

ఇక అసలు సంగతి. మా ఊళ్ళో పరరాష్ట్రాల నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు రెండు రకాలు. ఒకరు రాజస్థాన్ నుంచి వచ్చి దుకాణాలు పెట్టినవాళ్ళు. పైపుల దుకాణం, మిఠాయి దుకాణం, కరెంటు సామాన్ల దుకాణం వాళ్ళవి. వాళ్ళలో ఎన్ని కులాలున్నా, ఎన్ని ఊళ్ళున్నా మా ఊరు అందరినీ కలిపి మార్వాడీలనే అంటుంది. రెండోవాళ్ళు ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు. దీపావళి దాటాక వస్తారు, వానలకు ముందు పోతారు. వాళ్ళనూ అంతే, అందరినీ కలిపి ఒడిశోళ్ళు అంటుంది. రాజస్థాన్ వాళ్ళు గోధుమలు తెస్తారు, చలికాలం సజ్జలు తెస్తారు. ఒడిశా వాళ్ళు వారానికి ఒకసారి సంతకు వచ్చినప్పుడు చిన్న మూటలో రాగులు తెస్తారు.

వీళ్ళిద్దరి గురించి గిర్నిలో రోజూ పంచాయితీ పెట్టేది కిష్టయ్య. గద్వాల బస్సు మీద కండక్టర్‌గా చేసి రిటైరైనవాడు. డబ్బాల మీది పేర్లు వేలు పెట్టి చూపించి నాకు అక్షరాలు నేర్పింది అతనే. నాకంటే చిన్నవాడు, అక్కా అంటాడు. పిండి పట్టించుకునే పని లేకపోయినా వచ్చి బస్తా మీద కూర్చుంటాడు.

"చూడక్కా, ఇద్దరూ బతకనీకె వచ్చినోళ్ళే. మార్వాడోడు సంచి పట్టుకొని బస్సు దిగుతడు, సూస్తుండంగనే దుకాణమేస్తడు. ఒడిశోడు ఏటా వస్తడు, ఏటా పోతడు, ఎప్పుడు సూసినా గదే లుంగి. ఎందుకంటవ్? తెలివక్కా. ఆళ్ళకున్నది, ఈళ్ళకు లేదు."

"తెలివితోనే అన్నీ అయితే నువ్వు డిపో మేనేజర్ కావాల్సింది. కండక్టర్‌గనే దిగిపోతివి గద."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. "నేను దునియా ముచ్చట చెప్తుంటే నువ్వు నా మీదికి తెస్తవేంది," అని కిష్టయ్య గొణిగాడు. కానీ మర్నాడు మళ్ళీ అదే మాట. వినీ వినీ నాకూ అనిపించేది, నిజమేనేమో అని. ఇద్దరూ దూరం నుంచే వచ్చారు, ఇద్దరికీ ఇక్కడ సెంటు భూమి లేదు, ఇద్దరికీ మన మాట రాదు. మరి ఒకరు ఎందుకు నిలబడ్డారు, ఒకరు ఎందుకు నిలబడలేదు?

ఒక సంత రోజు మధ్యాహ్నం నేను జొన్నలు పట్టి, కరెంటు చాలక గిర్ని నీరసంగా తిరుగుతుంటే కళ్ళు మూతలు పడుతూ నిలబడ్డాను. కళ్ళు తెరిచేసరికి ఎండ కర్ర పక్కన ఒక ఆడమనిషి. పాదాల నుంచి మోకాళ్ళ దాకా ఇటుక రంగు. మా నేల ఎప్పుడూ తెల్లగా ఉంటుంది కదా, ఆమె నడిచి వచ్చిన దారంతా ఎర్రటి అడుగులు పడి ఉన్నాయి. కలలోంచి నడిచి వచ్చిందా, రోడ్డు మీంచి వచ్చిందా అని ఒక క్షణం తేల్చుకోలేకపోయాను. ఆమె వెనక పైపుల దుకాణం మోహన్ సేటు గోధుమ డబ్బాతో నిలబడి ఉన్నాడు. కిష్టయ్య తన బస్తా మీద ఉన్నాడు.

ఆమె మూట విప్పి నేను చూసేలోపే హాపర్‌లో పోసేసింది. బియ్యం. అరనిమిషంలో గిర్ని మూలిగింది. మోటార్ పట్టా జారింది, రబ్బరు మాడిన వాసన లేచింది. పరుగెత్తి స్టార్టర్ ఆపాను. తొండంలోంచి పిండి కాదు, ముద్ద వేలాడుతోంది. బియ్యం నీళ్ళలోంచి తీసి తీయగానే తెచ్చింది. మనమూ అరిసెలకు బియ్యం నానబెడతాము. కానీ వడగట్టి, బట్ట మీద ఆరబోసి, చేతికి అంటీ అంటనట్లు ఉన్నప్పుడు గిర్నికి తెస్తాము. ఆమెకు ఆ సంగతి తెలియదు.

"కండ్లు నెత్తి మీదున్నయా? తడి బియ్యం పోస్తరా గిర్నిల?" అన్నాను.

ఆమె భయపడలేదు. సిగ్గుపడింది. "మావుసీ, మా ఊర్ల తడివే దంచుతరు. ఢెంకిల," అని కాలితో తొక్కి చూపించింది. వాళ్ళ ఊళ్ళో కాలితో తొక్కే రోకలి ఉంటుందట. బియ్యం ఎంత తడిగా ఉంటే అంత మెత్తగా నలుగుతుందట. కొన్నేళ్ళుగా బట్టీకి వస్తోంది కాబట్టి మన మాట బాగానే పట్టుకుంది. మావుసీ అంటే వాళ్ళ భాషలో చిన్నమ్మ.

కిష్టయ్య నా వైపు చూసి, "నేను చెప్పలే?" అన్నాడు.

"నువ్వు నోర్మూయ్," అన్నాను.

మోహన్ సేటు డబ్బా గోడ పక్కన పెట్టాడు. "ఫర్వాలేదమ్మా, సాయంత్రం తీస్కపోత," అని వెళ్ళిపోయాడు.

రాళ్ళు విప్పాను. ఎలాగూ నున్నబడ్డాయి, విప్పిన చేత్తో కక్కు కొడదామని ఉలి, సుత్తి తీశాను. ఆమె వెళ్ళలేదు. చీర కొంగు బిగించి రాయికి అంటిన ముద్దంతా గీకింది. పేరు సుకాంతి అని చెప్పింది. నేను ఉలితో కొడుతుంటే ఆ టక్కుటక్కు మధ్య ఆమె మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆ బియ్యం అరిసెలకే. వాళ్ళ భాషలోనూ దాని పేరు అరిసా. బట్టీలో సెలవు పూట చేసి తోటివాళ్ళకు పెడుతుందట. అవి అమ్ముకొని ఇక్కడే బతకాలని ఉందట.

"బట్టీ బంద్ అయితే అందరూ పోతరు. మేము పోము మావుసీ. నా మనిషి తులారాంకు దమ్ము. వనపర్తి దవాఖానల చెప్పిండ్రు, ఈ దుమ్ముల ఉంటే బతకడని. ఊరికి పోతే ఏం పని లేదు, పండుగకు సర్దార్ ముందర మల్ల కూసుంటం, మల్ల బట్టీకి వస్తం. ఈపారి వస్తే ఆయన తిరిగి పోడు. ఒక అర్ర కావాలె మావుసీ. గంతే."

దమ్ము అంటే ఉబ్బసం. సర్దార్ అంటే వాళ్ళను తీసుకొచ్చే మేస్త్రి. వాళ్ళ ఊరివాడే. పండుగ రోజుల్లో ఇంటింటికీ అడ్వాన్స్ ఇస్తాడు. తీసుకుంటే ఆ ఏడు బట్టీ తప్పదు.

నేను ఉలి పక్కన పెట్టాను. రాళ్ళు బిగించి, డబ్బాలోంచి నా జొన్నలు తీసి హాపర్‌లో పోయబోతే సుకాంతి చెయ్యి అడ్డం పెట్టింది.

"నా బియ్యంతోనే ఖరాబైంది. ఆరబెట్టి తెస్త. నాదే ముందు పొయ్యి."

"నీది ముందు పోస్తే నీకు ఇసుకొస్తది."

"మరి నీకు?"

"నాకేమైతది, నా బర్రె తింటది. ఎవరిదో ఒకరిది ముందు పడాలె బిడ్డా. లేకుంటే గిర్ని నడ్వది."

జొన్నపిండి బూడిదరంగులో రాలుతుంటే ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత వెళ్ళిపోయింది. ఆ ఎర్రటి అడుగులు సాయంత్రం దాకా నేల మీద ఉన్నాయి. ఊడవబుద్ధి కాలేదు.

కిష్టయ్య ఇంటి ముందర అద్దెకిచ్చే రెండు అర్రలు, అంటే గదులు, ఉన్నాయి. ఒకదాంట్లో కరెంటు సామాన్ల దుకాణం పిల్లవాడు ఉంటున్నాడు, రాజస్థాన్ వాడే. రెండోది ఖాళీ. మర్నాడే అడిగాను.

"ఒడిశోళ్ళకా? వద్దక్కా. రేపు ఏమన్నయితే ఎవర్ని అడగాలె? జవాబుదారీ ఎవరు?"

"పక్క అర్రల పిల్లగానికి ఎవరు జవాబుదారీ?"

"మోహన్ సేటు చెప్పిండు, మావోడే అని."

"కాయిదం రాయించుకున్నవా?"

"సేటు చెప్పినంక కాయిదమెందుకు?"

ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. ఊళ్ళో ఇంకా కొన్ని ఇళ్ళు అడిగాను. అందరూ ఒకటే మాట. ఎవరు వాళ్ళు, ఎవరి మనుషులు, ఎవరు చెప్పారు. తులారాం దగ్గు సంగతి చెబితే ఒకామె, "మీ ఇంట్లనే పెట్టుకో," అని తలుపు వేసుకుంది. మా ఇల్లు అంటే గిర్ని వెనక బస్తాలు పెట్టే గదే. పిండి దుమ్ములో దమ్ము మనిషిని పెడితే బట్టీకి, దానికి తేడా ఏముంది?

ఒక సాయంత్రం మోహన్ సేటు దుకాణానికి పోయాను. దుకాణం నిండా నల్లాలు వరసగా వేలాడుతున్నాయి, ఏ నల్లాలోనూ నీళ్ళు లేవు. దీపాల వెలుతురులో అవన్నీ మెరుస్తుంటే, అన్నీ ఒక్కసారి తిప్పితే ఏమవుతుందా అని ఊహించుకుంటూ స్టూలు మీద కూర్చున్నాను. సేటు చాయ్ తెప్పించాడు.

"సేటూ, నువ్వు వచ్చినప్పుడు నీ చేతిల ఏముండె?"

"ఒక సంచి. దాంట్ల రెండు జతల బట్టలు," అని నవ్వాడు. "కని అమ్మా, నాకు మా మేనమామ ఉండె. హైదరాబాద్ తీస్కపోయి పెద్ద దుకాణాల ముందర నిలబెట్టి, మా మేనల్లుడు అని చెప్పిండు. గంతే. సామాను ఇచ్చిండ్రు. అర్ర ఇచ్చిండ్రు. నా మొఖం ఎవరూ సూడలే, మామ మొఖం సూసిండ్రు."

"మీ మామకు?"

"ఆయనకు వాళ్ళ బావ. ఆ బావకు ఇంకొకరు." చాయ్ ఒక గుక్క తాగాడు. "అందరికంటే ముందు ఒక ముసలాయన వచ్చిండంట. గిన్నెల గంప నెత్తి మీద పెట్టుకొని, గద్వాల దిక్కు నుంచి పుట్టిల కృష్ణ దాటి, ఊరూరు తిరిగేటోడు. ఎవరూ ఇంట్ల పండనియ్యలే. బస్సులు ఆగేకాడ పండేటోడు. ఆయనకు ఏం మిగల్లేదమ్మా. ఆయన తెచ్చినోళ్ళకు మిగిలింది."

పుట్టి అంటే గుండ్రటి గంప లాంటి పడవ. ఆ ముసలాయన పుట్టిలో తిరుగుతూ తిరుగుతూ నది దాటుతుండటం నాకు కళ్ళముందు కనబడింది. నెత్తి మీద గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగుతుండగా.

"మరి ఒడిశోళ్ళకు మనిషి లేడా? సర్దార్ ఉండె గద."

"ఉన్నడమ్మా. కని మా మనిషి ముందర నిలబడ్తడు, ఈయన మావోడు అని చెప్తడు. వాళ్ళ మనిషి ఎనక నిలబడ్తడు, ఎవడన్న తప్పించుకొని పోతడేమోనని."

"అయితే నువ్వే చెప్పు కిష్టయ్యకు. నీ మాటకు అర్ర ఇస్తడు."

సేటు తల అడ్డంగా ఊపాడు. "నేను చెప్ప. రేపు జర అటూ ఇటూ అయితే, బయటోడే బయటోన్ని తెచ్చిండంటరు. ఇప్పటికే మమ్మల్ని పొమ్మనేటోళ్ళు ఉన్నరు. ఈ మాట ఊరోళ్ళే చెప్పాలె."

కోపం రాలేదు. అతను చెప్పింది నిజం. ఇన్నేళ్ళు దుకాణం నడిపినా అతనింకా అడుగు చూసుకునే వేస్తున్నాడు.

ఇంటికి నడుస్తుంటే భీవండి గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో మేమూ గుంపు మేస్త్రి వెంట లారీ ఎక్కి పోయినవాళ్ళమే. అక్కడ మమ్మల్ని పేరు పెట్టి ఎవరూ పిలవలేదు, తెలుగు కూలీలందరినీ కామాటీలు అనేవాళ్ళు. ఒక వానాకాలం మేమూ ఒక గది అడుగుతూ వీధంతా తిరిగాము. తడుస్తూ నిలబడితే తలుపు సందులోంచి ఒక గొంతు అడిగింది, కౌన్ హై తుమ్హారా అని. ఎవరున్నారు మీకు? ఎవరూ లేరు. తిరిగి వచ్చేశాము. తెలివి లేక కాదు. మొదటి మనిషి లేక.

బట్టీలు ఆరిపోయే రోజులు వచ్చాయి. ఒకరోజు పొద్దున్నే సర్దార్ బండి మీద గిర్నికి వచ్చాడు. నడివయసు మనిషి, మెడలో తువ్వాలు. దుర్మార్గుడిలా లేడు. పరేషాన్‌లో ఉన్నట్టున్నాడు. అతని వెనక సుకాంతి, కొంచెం దూరంలో గోడను పట్టుకొని తులారాం. అతన్ని నేను చూడటం అదే మొదలు. ఎత్తైన మనిషి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా గొంతులో సన్నటి ఈల వినబడుతోంది.

"మావుసీ, వీళ్ళను పంపు. నువ్వున్నవని ఊరికి రామంటున్నరు. ఈ యేటి లెక్క తెగింది, నాకు పైసలతోటి పని లేదు. కని ఊర్ల ఈమె అమ్మ నన్నడుగుతది. ఇద్దర్ని యాడ ఇడిచినవ్ అంటది. ఏం చెప్పాలె?"

"నా పేరు చెప్పు. ఆత్మకూరు గిర్ని బాలమ్మ కాడ ఉన్నరని చెప్పు."

"ఇయ్యాల ఇద్దరు ఉంటరు. మల్లేడు పదిమంది ఉంటమంటరు. నా గుంపు ఏం గావాలె?"

"అది నీ పరేషాన్. నన్నెందుకు అడుగుతవ్."

అతను సుకాంతితో వాళ్ళ భాషలో గట్టిగా ఏదో అన్నాడు. ఆమె నేల చూస్తూ ఒక్క మాటతో జవాబిచ్చింది. అతను తులారాం వైపు చూశాడు. ఆ ఈల కాసేపు విన్నాడు. తువ్వాలు దులుపుకొని బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇద్దరినీ వెంటబెట్టుకొని తిన్నగా కిష్టయ్య ఇంటికి పోయాను. అతను అరుగు మీద పేపరు చదువుతున్నాడు.

"జవాబుదారీ ఎవరంటివి గద. నేను."

"నువ్వా?" పేపరు మడిచాడు. "నీకెవరు జవాబుదారీ అక్కా?"

"నువ్వే. అక్షరాలు నేర్పినోనివి, తప్పుతవా?"

పేపరు అరుగు మీద పెట్టాడు. తర్వాత లోపలికి పోయి తాళంచెవి తెచ్చాడు. నా చేతికే ఇచ్చాడు, సుకాంతికి ఇవ్వలేదు. నేను ఆమె చేతిలో పెట్టాను. "నల్లా కాడ బట్టలు ఉతకొద్దని చెప్పు," అన్నాడు, ఆమె ఎదురుగానే ఉన్నా.

ఇక్కడ కథ తీపి అయిపోతుందని అనుకోకండి. ఆ వానాకాలం సుకాంతి గంపలో అరిసెలు పెట్టుకొని సందు సందూ తిరిగింది. ఎవరూ కొనలేదు. "మనకు అరిసెలు రావా, ఒడిశామె చేతివి తినాల్నా," అన్నారు. మిగిలినవి తెచ్చి నాకు పెడితే, గిర్ని ఆపి తినేదాన్ని. బాగుండేవి, నువ్వులు కొంచెం ఎక్కువ. చివరికి అంట్లు తోమే పనికి కుదిరింది. తులారాం ఒక ఫంక్షన్ హాలులో కాపలాకు కుదిరాడు. అంతకు ముందు ఆ వానల్లో రెండుసార్లు దవాఖానలో చేరాడు. దమ్ము పోలేదు, మనిషీ పోలేదు. అదే చాలు అనేది సుకాంతి. ఏడాది పొడుగునా ఆమె ఊళ్ళో తిరుగుతూనే ఉంది. మెల్లగా ఊరికి ఆమె ముఖం అలవాటైంది. ఒడిశామె పోయి సుకాంతి అయింది.

మరుసటి ఏడు దీపావళి దాటాక సర్దార్ గుంపు వచ్చింది. దానితో రాకుండా, విడిగా రైలెక్కి, బస్సెక్కి సుకాంతి చెల్లెలు జమున, ఆమె మొగుడు దిగారు. సర్దార్ దగ్గర అడ్వాన్స్ తీసుకోలేదు. రాజస్థాన్ పిల్లవాడు పెళ్ళి చేసుకొని వేరే ఇంటికి మారాడు కాబట్టి కిష్టయ్య రెండో అర్ర ఖాళీగా ఉంది. నేను పోయి చెప్పాల్సిన పని పడలేదు. సుకాంతే అతని అరుగు ముందు నిలబడి, "అన్నా, నా చెల్లె. జవాబుదారీ నేను," అందట. కిష్టయ్య తాళంచెవి ఆమె చేతికే ఇచ్చాడట. నాకు ఆమె చెప్పలేదు, అతనే చెప్పాడు, ఏదో గొప్ప వింతలాగా.

జమున దంపతులు బస్టాండు దగ్గర బండి పెట్టారు. ఇసుకలో వేయించిన బొరుగులు, మీద ఉడికించిన శనగల కూర. సుకాంతి చెల్లెలి బండి అని జనం ఆగారు. ఇప్పుడు సాయంత్రం పూట ఆ బండి దగ్గర చోటు దొరకదు. బండి తోపుడుది పోయి గొడుగు ఉన్నది వచ్చింది. సుకాంతి ఇంకా అంట్లు తోముతూనే ఉంది.

కిష్టయ్య మళ్ళీ బస్తా మీద కూర్చొని మొదలుపెట్టాడు.

"చూసినవా అక్కా. ఒక్క తల్లి పిల్లలే. చెల్లెకు తెలివున్నది, బండి పెట్టె. అక్కకు లేకపాయె, గిన్నెలు తోమవట్టె."

నేను గిర్ని ఆపేశాను. మోత ఆగితే షెడ్డులో ఒక రకమైన నిశ్శబ్దం పడుతుంది. గాలిలో ఉన్న పిండి కూడా వింటున్నట్టు ఉంటుంది.

"కిష్టయ్యా, కక్కు కొట్టినంక ముందు పోసినోనికి పిండి తక్కువొస్తది, ఇసుకొస్తది. ఎనక పోసినోనికి మెత్తగ వస్తది. అప్పుడు ఎనకోని గింజలు మంచియి, ముందోని గింజలు చెడ్డయి అంటవా?"

కిష్టయ్య బస్తా మీద సర్దుకొని కూర్చున్నాడు.

"మోహన్ సేటును, తులారాంను పక్కపక్కన నిలబెట్టి సూస్తివి. సేటు ఎన్నో వాయి, తులారాం ఎన్నో వాయి? పోల్చాలంటే పుట్టిల నది దాటినాయనను తెచ్చి సుకాంతి పక్కన నిలబెట్టు. ఇద్దరికీ ఏం మిగల్లే. ఇద్దరి ఎనక మిగిలింది."

"ఆ ముసలాయన ఎవరు?" అని అడిగాడు. సేటు చెప్పిందంతా చెప్పాను. విని లేచి పోయాడు.

పోయిన నెల మళ్ళీ రాళ్ళకు కక్కు కొట్టాను. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, కొట్టడానికి పొద్దంతా పట్టింది. బిగించేసరికి సాయంత్రమైంది. జమున బియ్యం తెచ్చింది. వడగట్టి, ఆరబెట్టి, అంటీ అంటనట్లు, ఎలా ఉండాలో అలా. మోహన్ సేటు గోధుమ డబ్బా ఉంది. సుకాంతి రాగుల మూట ఉంది. కొత్త కక్కు అని అందరికీ తెలుసు. అందరి డబ్బాలూ గోడ పక్కకు జరిగి ఉన్నాయి. నా జొన్నల డబ్బా తెరిస్తే అడుగున పిడికెడు ఉన్నాయి. మొదటి వాయికి చాలవు. సుకాంతి తన మూట ముడి విప్పడం మొదలుపెట్టింది. ఆమె ఎందుకు విప్పుతోందో నాకు తెలుసు.

బస్తా మీంచి కిష్టయ్య లేచాడు. తన జొన్నల డబ్బా కాలితో ముందుకు జరిపాడు. నాకు మొదటి అక్షరాలు నేర్పింది ఆ డబ్బా మీది పేరే. ఇన్నేళ్ళలో అది ఎన్నడూ కొత్త కక్కుకు ముందుకు రాలేదు.

"నాది పొయ్యి."

"అన్నా, ఇసుకొస్తది," అంది సుకాంతి.

"రానీ. నావి ఎట్లాగూ కట్టుడు పండ్లే."

హాపర్‌లో పోశాను. స్టార్టర్ వేశాను. చాలాసేపు తొండంలోంచి ఏమీ రాలేదు, గిర్ని తన కడుపు నింపుకుంటోంది. ఎవరు పైకొచ్చారు, ఎవరు రాలేదు అని అడిగే ముందు, ఎన్నో వాయి అని అడగాలి. ఈ రేకుల కింద ఇన్నేళ్ళు నిలబడి నేను నేర్చుకున్నది అంతే. చిల్లులోంచి దిగిన సాయంకాలపు ఎండ కర్ర చివర పచ్చగా ఉంది. అందులోకి కిష్టయ్య జొన్నపిండి మెల్లగా లేచింది. కింద డబ్బాలో మాత్రం ఇంకా అడుగు కనబడుతూనే ఉంది. కిష్టయ్య వంగి దాంట్లోకి చూస్తున్నాడు. వెనక, తర్వాతి వాయికి జమున తన బియ్యం డబ్బా ఎత్తి చంకన పెట్టుకుంది.